ఆరు చెవుల ఫైలు

కంచరపాలెంలో మూడో అంతస్తు, ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాను.
ఫిషింగ్ హార్బర్ తెల్లవారుజాము
ఆరు చానెళ్లుగా పడుకుని ఉంది తెరమీద.
నలభై నిమిషాలు. నాకు కావలసింది పదకొండు.

మొదటి సాఫ్ట్‌వేర్ ఉచితం.
తెరవగానే ఆరింటినీ రెండుగా మడిచేసింది,
వీపు వెనక సముద్రాన్ని తెచ్చి
ముక్కు ముందు పెట్టింది.
రెండోది కోస్తుంది కానీ
కోసినదాన్ని మళ్లీ ఉడకబెడుతుంది;
వేలం పాడే నూకరత్నం గొంతులో
ఉప్పు పోయింది.
మూడోది, ముప్పై రోజులు చూసి డబ్బు కట్టమంది.
చూడ్డానికేముంది, వినాలి గానీ.

చివరికి అప్పలసూరి పంపిన బూడిదరంగు కిటికీ ఒకటి.
బొమ్మల్లేవు, గీతలే.
ఆరింటినీ ఒకే వేటుకి తెంపుతుంది, ఇంకేమీ ముట్టుకోదు.
"వంజరం కోసినట్టే గురూ,
ముల్లు దొరికితే చాలు" అన్నాడు.

ముల్లు వెతికాను.
ముందు ఎడమ, తక్కెడ గొలుసు.
మధ్యలో నూకరత్నం: నాలుగొందలు, నాలుగొందలా ఏభై.
అడుగు చానెల్లో ఎక్కడో ఓడ ఇంజను,
చెవికి కాదు, కడుపుకి వినిపించేది.
పదకొండో నిమిషం మీద కత్తి పెట్టి
వెనక కుడిని ఒక్కదాన్నే మోగించాను.

ఎవరిదో ముసలి గొంతు, బాగా దగ్గరగా:
"వల లేకుండా ఏటి పడతన్నావు బాబూ?"
ఆ వేళ నేను టీకి వెళ్లాను.
ఆయన అడిగింది మైకుని.
జవాబు కోసం కాసేపు ఆగి
చెప్పులీడ్చుకుంటూ
వెనక కుడి నుంచి వెనక ఎడమకి
నా మెడ చుట్టూ నడిచి వెళ్లిపోయాడు.

పదకొండు నిమిషాల పంతొమ్మిది సెకన్లు.
అప్పలసూరి అడిగితే
ముల్లు కాస్త వంకరగా ఉందని చెబుతాను.