నలభై ఆరో నంబరు

చూళైలో పెళ్ళిపత్రికల ప్రెస్సు మీద
రెండో అంతస్తు మా ల్యాబ్.
కింద మెషీను తిరిగినంతసేపూ
పైన బల్ల మీద ప్లాస్టర్ దవడలు
చలి పట్టినట్టు టకటక కొట్టుకుంటాయి.

ఒకప్పుడు ముగ్గురం.
మైనం చెక్కేది దేవసహాయం,
లోహం కరిగించి పోసేది నేను,
పింగాణీ పొరలు వేసేది జరీనా.
మే నెలలో కూడా ఫ్యాను ఆపి పనిచేసేవాళ్ళం,
స్పిరిట్ దీపం వణుకుతుందని.
ఇప్పుడు మంట లేదు.
ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

డాక్టర్ల దగ్గర్నించి నోటి అచ్చులొస్తాయి,
స్కాన్ తీయించి అంబత్తూరుకి పంపుతాను.
అక్కడేదో యంత్రం
తెల్లటి జిర్కోనియా బిళ్ళలోంచి
బిస్కెట్లు కోసినట్టు పళ్ళు కోస్తుంది.
మూడో రోజు దూదిలో పడుకుని తిరిగొస్తాయి.
అంచులు సరిచూసి, మెరుగు పెట్టి
డబ్బా మీద మా స్టిక్కరు అతికిస్తాను.
స్టిక్కరు మీద ఇంకా
చేతిపని అనే ఉంది.
వెయ్యి వేయించాం కింద ప్రెస్సులోనే,
అయిపోవాలిగా.

వాళ్ళ బిల్లులో పన్ను ఖరీదు,
దాని కింద పన్ను మీద పన్ను.
మొదటిసారి చూసినప్పుడు
పగలబడి నవ్వి జరీనాకి చూపించాను.
తమిళంలో ఆ నవ్వు లేదు.
విడమరిచి చెప్పేసరికి
నాకూ పోయింది.

పెరంబూరు డాక్టరమ్మ ఫోన్లో అడిగింది,
అంతా మీరే చేస్తారా అని.
మా దగ్గర్నించే వస్తుందండీ అన్నాను.
అబద్ధం కాదు.
అయినా ఆ రాత్రి పెరుగన్నంలో
ప్రతి ముద్దకీ పంటి కింద రాయే.

పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అనేది
మా సూళ్ళూరుపేట అత్త.
పెట్టుకోడానికి మాత్రం...
సరే, పోనివ్వండి.

నిన్నటి డబ్బాలో ఒక నలభై ఆరు.
కింది దవడ, కుడివైపు, పెద్ద పన్ను.
ఎవరిదో మాకు తెలియదు,
మనుషులు మాకు నంబరూ రంగూ, అంతే.
లెన్సు కింద పెట్టి తిప్పాను.
అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి,
గట్లూ, గట్ల నడుమ సన్నటి కాలవలూ.
వెనక కాలవ చివర మాత్రం
కామా అంత గుంట.
ఏ పుస్తకంలోనూ ఉండదది.

దేవసహాయానిది ఎడమచేతి వాటం.
మైనంలోంచి కత్తి పైకి లేపేముందు
అతని మణికట్టు అక్కడ ఒక్క క్షణం ఆగేది.
అన్నం ఇరుక్కుంటుందయ్యా అని
ఎన్నిసార్లు తిట్టానో.
తిన్నానని నాలుకకి తెలియొద్దా అక్కా,
అనేవాడు.

మూడేళ్ళ కిందట వెళ్ళిపోయాడు,
రెండు నెలల జీతం నేను బాకీ ఉండగానే.
ఎక్కడికో చెప్పలేదు.
అడిగితే బాకీ కూడా మాటల్లోకొస్తుందని
నేనూ అడగలేదు.

ఇప్పుడు ఏ అద్దాల గదిలోనో
మౌసు పట్టుకుని
తెర మీద పన్నుని అటూ ఇటూ దొర్లిస్తూ
అదే చోట ఆగి ఉంటాడు.
యంత్రానికేం తెలుసు?
చెప్పింది చెప్పినట్టు కోసింది.

జరీనా కుంచె తడిపి నా వైపు చూసింది.
ఒక్క చుక్క పింగాణీ చాలు, పూడిపోతుంది.
వద్దులే అన్నాను.
పెరంబూరులో ఎవరో రేపు వేరుశనగలు నమిలి
నాలుకతో ఆ గుంటని వెతుక్కుంటారు,
వెతుక్కోనీ.

స్టిక్కరు అతికించాను. ఈసారి వంకరపోలేదు.

తర్వాతి ఆర్డరు కాగితంలో
ప్రత్యేక సూచనలు అన్నచోట
రెండు నెలల జీతం అంకె వేశాను.
కొట్టేశాను.
కింద ప్రెస్సు ఆగింది. దవడలన్నీ నోరు మూశాయి.
కొరియర్ కుర్రాడు మెట్ల మీద తొందరపెడుతుంటే
గబగబా రాసిచ్చేశాను:
ఎడమచేత్తోనే చేయించండి.