వెనక వరస

పుస్తకంలో బొమ్మ: మూలకి ఒదిగిన మెట్ల గుట్ట,
చిన్న చిన్న ఘనాలు ఒకదాని మీద ఒకటి.
మొత్తం ఎన్ని? అని కింద ప్రశ్న.
తారకేశు వేలు పెట్టి తడిమి
"ఆరు సార్" అన్నాడు.
వేలికి తగిలిందే లెక్క.
వాన వెలిసిన రాత్రి మడిలో కప్పల్లా
తరగతంతా ఆరే అందుకుంది.

చివరి చాప మీద గౌరీశ్వరి
చెయ్యెత్తలేదు, లేవలేదు,
"పది" అంది.
"మిగతా నాలుగూ ఎక్కడున్నాయే?"
"కిందున్నాయి సార్.
నేకపోతే పైది గాల్లో నిలబడతాదేటి?"

బస్సు బూర్జ దాటాక, నాగావళి ఒడ్డున
ఇటుకల బట్టీ పక్కనే వాళ్ళ పాక.
తెల్లారకముందే అమ్మ అచ్చులు తీస్తుంది,
వెయ్యికింత అని కూలి.
మేస్త్రీ ముందు వరస చూసి చీటీ రాస్తాడట.
అమ్మ వెనక్కెళ్ళి చూసొచ్చి
ఇంకో అంకె చెబుతుందట.
ఆ రెండంకెల మధ్య నిలబడి
ఈ పిల్ల లెక్కలు నేర్చింది.

బడికి వచ్చిన కిట్టు మీద నలభై ఘనాలని రాసుంది,
లోపల ఉన్నవి ముప్ఫైమూడు.
తక్కిన ఏడూ పిల్లలే మట్టితో చేసి
కిటికీ గట్టు మీద ఆరబెట్టారు.
సోమవారానికి అవి తలా ఒక నూలు చిక్కిపోయి
ప్లాస్టిక్ వాటి పక్కన పొట్టివయ్యాయి.
పేర్చిన గుట్ట ఒరిగింది.
"ఆరితే మట్టి కుంగుతాది సార్,
అచ్చు కాసింత పెద్దది తియ్యాలి."
ఎనిమిదేళ్ళ సర్వీసులో
ఏ ట్రైనింగులోనూ నేను వినని మాట.

ఓ రోజు బెల్లు కొట్టకముందే నా కుర్చీ దగ్గరికొచ్చింది,
ముఖం చిన్నది చేసుకుని.
"సార్, నాను మొన్న పదని సెప్పీసినాను కదా.
రేతిరి బట్టీ సూసినాను.
నడుమ ఖాళీ ఒగ్గీసినారు, మంట పోవాలని.
మీద ఇటికలు పడిపోనేదు,
ఒకదాన్నొకటి అట్టిపెట్టుకున్నాయి.
ఈ బొమ్మ గీసినాయన
ఎనక్కెళ్ళి సూసినాడా?"

నా చేతిలో జవాబుల పుస్తకం.
పది అనే ఉంది అందులో, నల్లగా, గట్టిగా.
చాలాసేపు దాన్నే చూశాను.
తర్వాత బోర్డు మీద రాశాను:
పది. లోపల పొయ్యి లేకపోతే.
తారకేశు నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు,
పొయ్యి కింద గీత గీసి మరీ.

ఆ వారమంతా నేను కుర్చీ ఎక్కలేదు.
నేల మీద బాసింపట్టు వేసుకుని
గుట్ట చుట్టూ పిల్లల్ని తిప్పాను.
పైనుంచి చూడు. పక్కకి రా.
ఒక కన్ను మూసుకో. ఇంకా వంగు.
పైనుంచి ఆరు గళ్ళు,
ముందునుంచి ఆరు, పక్కనుంచీ ఆరే.
ఎటు తిరిగినా ఆరే చూపించే పది!
"దొంగ గుట్ట సార్ ఇది"
అని తారకేశు దాని చుట్టూ
పోలీసులా నాలుగు పాకుళ్ళు పాకాడు.

పరీక్షలో ఆఖరి ప్రశ్న:
గుట్టని వెనకనుంచి చూస్తే ఎలా ఉంటుందో గీయండి.
అందరూ గళ్ళు గీశారు, మూడు, రెండు, ఒకటి.
కొందరు కుడిది ఎడమకి మార్చేశారు.
గౌరీశ్వరి గళ్ళు సరిగ్గానే ఉన్నాయి.
వాటి అడుగున, నీడ పడే చోట,
ఒక టిఫిన్ క్యారేజీ గీసింది.
పక్కన ఒక జత చెప్పులు,
ఒకదాని పట్టీకి పిన్నీసు.

జవాబుల పుస్తకంలో వీటికి మార్కుల్లేవు.
ఎర్ర పెన్ను మూత తీసి
గళ్ళకి రెండుకి రెండు వేశాను.
చెప్పుల దగ్గర పెన్ను ఆగింది.
ఆ క్యారేజీలో ఏముందో
ఇటునుంచి కనపడదు.