పద్దెనిమిది దీనార్ల చీటీ

అరబీలో నల్లిని ఏమంటారో తెలీక
జండూబామ్ సీసాలో మూడింటిని పట్టి
మూత బిగించి
హారిస్ ఫతహీ ముందర పెట్టినా.
సీసా ఎత్తి లైటుకు పట్టి చూసినాడు
బంగారం తూకమేసేవాని మాదిరి.
"మీరే తెచ్చినారు" అన్న్యాడు,
"మీ ఊరినుంచి, మీ పెట్టెల్లో."

మా పెట్టెల్లో ఏం తెచ్చినామో నాకు తెలుసు.
చింతపండు, ఎర్రకారం, బొరుగులు,
ఓబుళమ్మ కూతురి పాత పావడా ఒకటి, తలకింద పెట్టుకునేకి.
నల్లులు ఈడియే.
మాకంటే ముందునుంచీ ఉండాయి,
వాటిని ఎవురూ అకామా అడగలేదు.

ఫర్వానియాలో మూడో అంతస్తు.
ఒక గది, రెండంతస్తుల మంచాలు మూడు, ఆడోళ్ళం ఆరుమంది.
నెలకు నూటిరవై.
పనిచేసే ఇంట్లో మామా
నా చేతి మీది దద్దుర్ల వరస చూసి
ఏందిదని అడిగింది. దోమలంటి.
పిల్లోన్ని నా చంకలోనుంచి తీసుకునింది.
ఆ ఇల్లు పోయింది, ముప్పై దీనార్లు పోయినాయి.
నల్లి తాగింది చుక్కే,
లెక్క రాసుకుంటే ఎంతయితాదో చూడండి.

మిద్దె మీద పరుపులు ఎండేస్తే
బల్దియా ఫైనేస్తాదని ఫతహీ కసిరినాడు.
ఖాసింబీ రాత్రంతా
సూదిమొన కాల్చి మంచం సందుల్లో గుచ్చతా కుచ్చుంటాది.
"మా కోనసీమలో ఇంత లేదండీ" అంటాది రత్నకుమారి,
గీరుకుంటానే.

ఆఖరికి మనిషికి మూడు దీనార్లు వేసుకోని
మందు కొట్టే మలబారీని పిలిపిచ్చినాము.
ప్లగ్గుబోర్డు ఇప్పి చూపిచ్చినాడు:
లోపల గుడ్లు, తెల్లగా, బియ్యపు నూక మాదిరి.
"చేచీ, ఈ గోడ అవతల ఎవరు?"
నేపాలీలు. వాళ్ళ అవతల బంగ్లా వాళ్ళు.
వాళ్ళ అవతల మళ్ళా మన తూర్పోళ్ళు.
"ఒక గదికి కొడితే పదైదు దినాలు.
బిల్డింగంతా కొట్టాల. ఓనరుకు చెప్పండి."

పరుపు నాది, ఒప్పుకుంటా.
దుప్పటి నాది. నెత్తురు నాది.
గోడ ఎవరిది?
గోడకు బాడుగ తీసుకునేటోడు
గోడలో కాపురముండేదాన్ని
నా పెట్టెలో ఎట్ల వేస్తాడు?

ఒకటో తేదీ నూటారెండే ఇచ్చినా,
పైన మలబారీ చీటీ గుండుసూదితో గుచ్చి.
ఫతహీ ఎంచినాడు. మళ్ళా ఎంచినాడు.
"పద్దెనిమిది?"
చీటీ చూపిచ్చినా.
"బాబా ఒప్పుకోడు."
ఆ బాబాను నాలుగేండ్లలో ఒక్కసారీ చూడలేదు నేను.
"ఒప్పుకోకుంటే ఒక రాత్రి వచ్చి పండుకోమను.
పెంచలమ్మది పైమంచం ఖాళీ,
ఆమె వంటింట్లో గ్యాసుబండ పక్కన పండుకుంటాంది."
అంత అరబీ ఎట్లొచ్చిందో నాకు.
కోపమొస్తే బాస కూడా వస్తాదేమో.

అరుస్తాడనుకుంటి.
మెట్ల మీద కుచ్చున్యాడు.
చొక్కా చెయ్యి మడిచి గీరుకున్యాడు.
మోచేతినుంచి మణికట్టు దాకా
మా వరసలే, మూడు మూడుగా.
మెట్ల కింద బొక్కలో ఆయన పరుపు.
ఆ గోడా ఈ గోడా ఒకటే కదా.

చీటీని ఫోటో తీసి బాబాకు పంపినాడు.
రెండు టిక్కులు పడినాయి.
నీలంగా మారలేదు.
ఇద్దరం కొంచేపు ఆ టిక్కులనే చూస్తా ఉండాము,
వాన కోసం మబ్బును చూసినట్ల.

నేను లేచి పోతాంటే పిలిచినాడు.
"గదులోళ్ళంతా కలిసి కాగితం రాస్తాండారంట?"
పలకలేదు నేను.
అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు:
"మెట్ల కింద గది కూడా రాయి.
నా పేరు మాత్రం వద్దు."