తడి కట్టె లెక్క

సిరొంచల ఇరవై ఇండ్లు,
ఏరు దాటితే అర్జునగుట్ట కాడ ఇరవై.
సంచిల స్ప్రింగు కాంటా, కార్బన్ కాగితాలు.
పొద్దుగాల మోపు తూచి పక్కకు పెట్టాలె,
ఇందులకెంచే కాల్చుమని చెప్పాలె,
తెల్లారి వచ్చి మిగిలింది తూచాలె.
తేడా ఎంతో, ఆ ఇల్లు అంత మండించినట్టు.
ఎనభై తొమ్మిది సంగతి. నాకింకా మీసం సరిగ్గ రాలె.

దుర్గం రాజుబాయి ఇంట్ల తేడా ఎప్పుడూ ఎక్కువే.
నలుగురికి పదకొండు కిలోలేంది అవ్వా, అంటే
నువ్వొచ్చినప్పుడల్లా చాయ మరిగిస్తున్న గద బిడ్డా, అన్నది.
చాయ తాగినోని పేరు రాసే గడి
నా కాగితంల లేదు.

వానకాలం ఇంకో తిప్పలు.
తడి కట్టె ఎక్కువ తూగుతది, తక్కువ మండుతది.
ఊది ఊది ఆమె కండ్లు చింతనిప్పులైతే
గట్క సగమే ఉడికేది.
నా కాగితం మాత్రం
ఆషాఢంల మా తాలూకా దండిగ వండుకున్నదని చెప్పింది.

ప్రాణహిత పొంగితే
అహేరి దిక్కు నుంచి దుంగలు కొట్టుకొచ్చేటివి,
వేర్లతోని, తేళ్లతోని,
ఒకసారి కోళ్ల గంపతోని.
ఈ ఒడ్డున జాడి ఓదెలు
తాడుకు ఇనుప కొక్కెం కట్టి విసురుతుండె.
ఆ ఒడ్డున వాని బావమరిది విసురుతుండె.
నడిమిట్ల సుడి తిరిగే దుంగ
ఇద్దరి అరుపులూ వినుకుంట పోయేది.
ఇది ఏ రాష్ట్రం ఖాతాల వేస్తవని సాహెబు మరాఠీల అడిగిండు.
ఏ ఒడ్డున ఆరితే ఆ ఒడ్డు పేరు రాసిన.
ఆయన నవ్వలేదు. కొట్టేయనూ లేదు.

వంతెన పడ్డంక మళ్లా పిలిచిండ్రు.
ఇప్పుడు తూచుడు లేదు, ఫోన్ల ప్రశ్నలు.
ఇంట్ల గ్యాసు ఉన్నదా?
ఉన్నదని నొక్కితే
కట్టెల గడి దానంతట అదే మాయమైతది.
రాజుబాయి పోయి తొమ్మిదేండ్లు.
కోడలు వందన చూపించింది:
మూలకు ఎర్ర బండ, నెత్తిన ఉల్లిగడ్డల గంప,
పెరట్ల మూడు రాళ్లు, వెచ్చటి బూడిద.
చాయకు గ్యాసు. కూడుకు కట్టెలు.
గ్యాసు మీదనే చాయ పెట్టిచ్చింది నాకు.
వద్దనలేకపోయిన.

ఆఖరికి అచ్చయిన కాగితం ఒకటి పంపిండ్రు.
రెండు ఒడ్లు, ముప్పై ఏండ్లు, రెండు గీతలు.
మా గీత కిందికి దిగుతున్నది.
అవతలిది పైకి పోతున్నది.
అటు రైసుమిల్లు బాయిలర్ల ఊక కాలుతున్నదట,
రోజుకు లారీలకు లారీలు.
మిల్లు ఊకకూ, రాజుబాయి మోపుకూ
ఒకటే ఆకుపచ్చ రంగు వేసిండ్రు.
వందన పెరటి పొగకు ఏ రంగూ లేదు.

ఆ రాత్రి అటక మీదికెక్కి పాత కాంటా దించిన.
తుప్పు తుడిచి దూలానికి తగిలిచ్చిన.
కొక్కేనికి ఏం లేదు,
అయినా ముల్లు అరకిలో కాడ నిలబడ్డది.
ఎన్నడు సంది అట్లున్నదో!
పొద్దుగాల తూకంల అరకిలో,
తెల్లారి తూకంల అరకిలో,
తేడా తీస్తే కొట్టుకపోతది లే
అనుకున్న.
అనుకొని,
వేలుతోని ముల్లును సున్నా కాడికి నూకిన.
మళ్లా అక్కడికే వచ్చింది.