గాలి మళ్లింపు

ఇరవై ఆరేండ్ల సంది బాయిల సర్దార్ పని నాది.
షిఫ్టోళ్ల కన్న ముందుగాల నేను దిగాలె,
దీపం వత్తి తగ్గించి
కప్పు దాక మెల్లగ ఎత్తి సూడాలె.
మంట మీద లేత నీలం టోపీ కనబడ్డదా
ఆడ గ్యాస్ ఉన్నట్టు.
దానికి వాసన లేదు, రంగు లేదు, సప్పుడు లేదు.
మనిషి పట్టించుకోని మూలల్ల
నిమ్మలంగ కూడుతది.

మందమర్రిల మా క్వార్టర్ వంటింట్ల
అన్నం వడ్డిస్తూ సలోమి అడిగింది
"ఎవరితోని మాట్లాడుతున్నవు?"
నేను మాట్లాడలే.
పెదవులు కదులుతున్నయట.
ముద్ద చేతిలనే ఎండిందట.

దేవసాయంతోని మాట్లాడుతున్న.
మూడేండ్ల సంది దినాం వానితోనే.
కప్పు కూలి వాని కాలు బండ కింద పడ్డది.
ఎంక్వయిరీల వాడు అన్నడు
"సర్దార్ కప్పు కొట్టి సూడలే సార్."
నెల రోజులు జీతం లేక ఇంట్ల కూసున్న.
ఆ పొద్దు నోట రాని జవాబులు
పండ్లు తోముకుంట చెప్పిన,
బస్సుల కిటికీకి చెప్పిన,
చర్చిల మోకాళ్ల మీద కూడ చెప్పిన.
ప్రతిసారి నేనే గెలిచిన.
ప్రతిసారి వాడు తల వంచిండు.
గెలిచి లేచేసరికి
ఛాతీల నిన్నటి కన్న ఎక్కువ మంట.

ప్రార్థన చెయ్యమన్నరు అందరు. చేసిన.
చేన్ల పిట్టలను తోలినట్టు తోలిన ఆ ఆలోచనను,
గట్టిగ పాట పాడిన,
కండ్లు మూసి ఆమెన్ అన్న.
పోతదా?
నా పనే నాకు యాదికి రాలే.
గ్యాస్‌ను ఎవరన్న కట్టెతోని కొట్టి తరుముతరా?
తువ్వాలతోని విసిరితే పక్క మూలకు పోతది, గంతే.
పరదా కట్టాలె.
పైనుంచి వచ్చే గాలిని ఆ మూలకు మళ్లించాలె.
గాలే తీసుకపోతది దాన్ని.

ఒక బేస్తారం రాత్రి, కరెంటు పోయిన యాళ్ల,
గడప మీద కూసొని అన్న:
ప్రభువా, ఈసారి నేను మాట్లాడ.
దీపం పట్టుకొని నువ్వు దిగు నా లోపలికి.
నేను ఎనుక నడుస్త.

ఆయన తొందర పడలే.
దేవసాయం ఉన్న జాగకు పోనే పోలే.
నేను గోడ కట్టి మూసిన పాత దారికి పోయిండు.
ఆడ దీపం ఎత్తిండు.
నీలం.

ఆ పొద్దు నాలుగు చోట్ల కప్పు కొట్టాలె.
మూడు చోట్ల కొట్టిన, ఖంగుమని పలికింది.
నాలుగోది దూరం. బురద. టైమయింది.
కొట్టలే.
రిజిస్టర్ల మాత్రం నాలుగు రాసిన.

మూడేండ్లు
వాని అబద్ధంతోని కొట్లాడుతున్న అనుకున్న.
వాడు అబద్ధం చెప్పలే.

ఏడ్చిన అంటే బాగుంటది గని, ఏడ్వలే.
ఊపిరి మాత్రం అడుగు దాక దిగింది
శానా దినాలకు.

ఆదివారం, రొట్టె పంచుతున్నరు.
దేవసాయం నాకు రెండు వరుసల ముందట,
ఎడమ కాలు సాపుకొని. మడతపడదు అది.
రొట్టె ముక్క అరచేతిల ఉండంగనే
లేచి వాని పక్కకు పోయిన.
"నాలుగో చోట కొట్టలేరా నేను."
వాడు నా దిక్కు సూడలే.
కొంచెం జరిగి చాప మీద జాగ ఇచ్చిండు.
మల్లేం అనలే.

అయిపోయింది అనుకునేరు.
సోమారం మల్ల వచ్చింది అది
వేరే మొకం పెట్టుకొని:
"సూసినవా, నువ్వు ఒప్పుకున్నా
ఒక్క మాట అనలే వాడు, ఎంత పొగరు!"
నవ్వొచ్చింది నాకు.
బాయిల నిన్నటి రిపోర్టు ఇయ్యాల చెల్లదు.
ప్రతి షిఫ్టుకు దీపం ఎత్తాలె,
ప్రతి షిఫ్టుకు మల్ల రాయాలె,
సూసినయే రాయాలె.

రాత్రి సలోమి పచ్చిపులుసు పోసింది.
ఉల్లిగడ్డ కొంచెం పెద్దగ కోసింది.
పులుపు తెలుస్తున్నది నాలుకకు.
"ఇంకింత పొయ్యి" అన్న.
ఆమెతోనే అన్న.