ఇంకో పది డిగ్రీలు

గిద్దలూరులో మా వీధి
ఇంటికో సిపాయిని కన్నది.
ఆఫీసరు మాత్రం ఒక్కడూ లేడు.

మాబున్నీ వాళ్ల నాన్న
మార్కాపురం పలకల గనిలో వంగి వంగి
మళ్లీ నిటారు కాలేదు.
ఆ పిల్ల కీళ్ల చదువు అక్కణ్ణించే మొదలు.

పోయిన ఎండాకాలమంతా నా భుజం పట్టుకుంది.
తుప్పట్టిన గడియలాంటి భుజం.
ప్లాస్టిక్ కొలబద్ద ఆనించి
"నలభై. ఇంకో పది డిగ్రీలు, హవల్దార్ మామా."
నేను హిందీలో తిట్టేవాణ్ణి.
"తిట్టు, తిట్టు,
నేర్చుకుంటున్నా, అక్కడ పనికొస్తాయి."

ఇంటర్వ్యూలో అడిగారంట,
దెబ్బ తిన్న జవాను ఏడిస్తే ఏంచేస్తావని.
ఏడవనిస్తా, చెయ్యి మాత్రం వదలను, అందంట.

ఇవాళ గుంటూరు రైలు దిగింది.
భుజానికి రెండేసి నక్షత్రాలు,
చేతిలో అదే రేకు పెట్టె.
స్టేషన్లో టీ గ్లాసు ఎక్కడ పెట్టానో తెలీదు,
పదకొండేళ్ల కిందట రిటైరైన చెయ్యి
తనంతట తనే లేచింది.

తనూ సెల్యూట్ కొట్టింది.
కళ్లు మాత్రం నా మోచేతి మీదున్నాయి.
"ఎనభై," అంది చెయ్యి దించకుండానే,
"ఇంకో పది."

హిందీలో తిట్టాను,
చివర మేడమ్ అని చేర్చి.