బురుజు మీద బీగం

ముప్పై ఒక్క ఏండ్లు
దాని నీడ నా డబ్బా మీద పడేది, పోయేది.
మధ్యాహ్నం దాటి నీడ రాంగానే గొడుగు మడుస్తా.
మా ఇద్దరికీ అంతే సంబంధం.
కొండారెడ్డి బురుజు యాడ అని ఎవరన్నా అడిగితే
తల ఎత్తకుండా బొటనవేలు వెనక్కి చూపిస్తా.

మొన్న బుధవారం పొద్దున వచ్చినాడు, కాపలా మద్దిలేటి.
"దస్తగిరన్నా, పైన ఎవరో పిల్లలు
కమ్మీకి బీగమేసి పోయినారు.
రేపు పెద్దసారు వస్తాడంట, తీసెయ్యాల."
దానికి నేనెందుకు, రంపం చాలదా అంటి.
రంపం పెడితే కమ్మీకి గీత పడతదంట,
కమ్మీకి పడితే వాని నౌకరీకి పడినట్టేనంట.

మెట్లు.
నా మోకాళ్లు లెక్కపెట్టినాయి, నేను పెట్టలే.
లోపల చల్లగా, గబ్బిలాల వాసన.
ఒక మూల సొరంగం.
ఏటి కింద నుంచి గద్వాల దాకా పోతదని
మా అమ్మ చెప్పేది, ఆమెకు వాళ్లమ్మ చెప్పింది,
పోయొచ్చినోడు మాత్రం ఎవడూ చెప్పలే.
దాని గేటుకు ఇంత బీగం.
ఏడు లీవర్లది. నాలుగు నిమిషాల పని.
"అటు చూడాకు" అన్నాడు మద్దిలేటి, నా వేళ్లు చూసి.

పైకెక్కినంక గాలి.
మా బజారు నెత్తిన ఇట్లాంటి గాలొకటి తిరుగుతుందని
నాకెవరూ చెప్పలే.
బండలు బయటపడిన తుంగభద్ర,
హంద్రి వచ్చి కలిసేకాడ ఇంత తుమ్మపచ్చ,
దూరంగా జగన్నాథగట్టు.
ఇటు పాతూరి మిద్దెలు, ఆరేసిన బొంతలు,
ఎండు మిరపకాయలు, నల్ల ట్యాంకులు,
ఒక ట్యాంకు మూత మీద పండుకున్న పిల్లి.

ఈ ఊరి తలుపుల్లో సగానికి నా చెయ్యి పడిందని
నాకో పొగరు.
బుధవారపేట పంతులమ్మ ఇల్లు,
మార్కెట్లో ఉల్లిగడ్డల గోడౌను,
మూడుసార్లు బీగం మార్పించి
మూడుసార్లూ కొత్త చెవి పెళ్లానికే ఇచ్చిన
గడియారాల రంగన్న వాకిలి.
వెతికినా. ఒక్కటీ కనపడలే.
పైనుంచి చూస్తే ఊరికి తలుపులే లేవు.
ఇంత ఆకాశానికి అంతా తెరిచిపెట్టుకుని
కింద గడియ పెట్టుకుని పండుకుంటామా!

ఏరు ఊళ్లోకి వచ్చిన ఆ అక్టోబరు
నీళ్లు ఎవర్నీ చెవి అడగలే.
బురద ఎత్తినంక నెలంతా
సంచుల్లో తుప్పు బీగాలు తెచ్చినారు.
కిరసనాయిల్లో నానేసి తీస్తాంటే
గుజిరీ నూర్ అహ్మద్ సాబు
"ఇల్లు పడిపాయె, బీగం మాత్రం తియ్యి" అన్నాడు.
తీసిస్తే జేబులో ఏసుకోని పోయినాడు.
ఆ జాగా యాడని చూస్తే
మూడంతస్తులు. ఎవరివో.

సరే, వచ్చిన పని.
ఇత్తడిది, చిన్నది, ట్రంకుపెట్టెకేసేది.
మేకుతో గీకిన రెండక్షరాలు, 'సు', 'ఇ'.
ముప్పై అయిదు రూపాయలు. నా దగ్గర కొన్నదే,
అడుగున నేను పెట్టుకునే చుక్క ఉంది.
చెవి ఈడనుంచే ఇసిరేస్తారంట,
ఇంగ ఎవరూ ఇప్పకుండా. మద్దిలేటి చెప్పినాడు.
వంగి చూసినా.
సరిగ్గా కింద నా నీలం గొడుగు, తమలపాకంత.

పదిరోజుల కిందట గొడుగు మీద టప్‌మని చప్పుడు.
కాకి అనుకున్నా. ఇదిలిస్తే చెవి రాలింది.
జతలేని చెవుల డబ్బాలో ఏసి
టీ తాగడానికి పోయినా.

మద్దిలేటికి చెప్పలే.
గాలి తగ్గేదాకా ఆగి, రెండు కడ్డీలతో తీసినా.
యాభై ఇచ్చినాడు. ఇరవై వాపసిచ్చినా.
ఎందుకన్నా అని అడిగినాడు. నాకేం తెలుసు.

ఆ బీగం ఇప్పుడు నా బోర్డు మేకుకు
నోరు తెరుచుకుని ఉంది.
డబ్బా దాని కిందనే.
పెట్టి చూడలే, ఇంతవరకు.
కాలేజీ పిల్లలెవరన్నా బోర్డు దిక్కు చూస్తే
చేతిలో ఆకురాయి ఆగుతది.
వాళ్లు సైకిలు బీగం అడుగుతారు.

నీడ రాంగానే గొడుగు మడిచి
ఒకసారి పైకి చూస్తా, అంతే,
ఏమన్నా పడతదేమోనని.